జుట్టూ జుట్టూ పట్టుకున్నదెవరు?



మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే ఈ కాస్త తీరికలో నేను మీకు ఏదైనా పనికొచ్చే విషయం చెప్పాలి. కందిపప్పు పురుగు పట్టకుండా దాచడం గురించో, చంటిపిల్లల దగ్గు గురించో చెప్పవచ్చు. కాని ఇవాళ నాకు కబుర్లు చెప్పాలని వుంది. మన ఊరి కబుర్లు చెపితే సాయంత్రానికల్లా మా గుమ్మంలో పంచాయితీ పెడతారు. అంచేత మూడువందల ఏళ్ల కిందటి లండన్ కబుర్లు తెచ్చాను. ఆ మనుషులెవరూ ఇప్పుడు లేచొచ్చి "ఏమమ్మా, రేడియోలో నా పేరెత్తావట" అని నిలదీయరు కదా!

కబురంటే మామూలు కబురు కాదు. పేరు మోసిన ఇద్దరు గాయనీమణులు, నిండు నాటకశాలలో, సాక్షాత్తూ రాజకుటుంబానికి చెందిన యువరాణి ఎదుట కూర్చుని వుండగా, పాడుతున్న పాట ఆపేసి జుట్టూ జుట్టూ పట్టుకున్నారట! 1727వ సంవత్సరం జూన్ 6, మంగళవారం రాత్రి. ఈ కథ అప్పటినుంచీ పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తూనే వుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ పడీ పడీ నవ్వాను. పక్కింటి పిన్నిగారికి చెప్పి ఆవిణ్ణి కూడా నవ్వించాను. ఆ తరవాత కాస్త లోపలికి వెళ్లి చదివితే నవ్వు తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పాలంటే కథ మొదటినుంచీ రావాలి.

ఆ నాటకాలను ఆపెరా అంటారు. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటలుంటాయి. ఆపెరాలో ఆ మాటలు కూడా పాటే. "మంచినీళ్లు తే" అనాలన్నా రాగం తీయవలసిందే. ఇది పుట్టింది ఇటలీలో. లండన్ గొప్పింటివాళ్లకు దీనిమీద మోజు పుట్టి ఇటలీనుంచి గాయకులను రప్పించుకున్నారు. వింటున్నవాళ్లలో చాలామందికి ఇటాలియన్ భాష రాదు. అందుకని ఒక పేజీలో ఇటాలియనూ, ఎదురు పేజీలో ఇంగ్లీషూ అచ్చేసిన పుస్తకాలు అమ్మేవారు. నాటకం నడుస్తున్నా హాల్లో కొవ్వొత్తులు ఆర్పేవారు కాదు. కనక పుస్తకం చూసుకోవచ్చు, పక్క పెట్టెలో కూర్చున్నావిడ మెళ్లో రవ్వల నెక్లెసూ చూసుకోవచ్చు. రెండో పనే ఎక్కువ జరిగేదని నా అనుమానం.

1719లో కొందరు ప్రభువులు చేరి రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అని ఒక కంపెనీ పెట్టారు. మొదటి జార్జి రాజుగారు ఏడాదికి వెయ్యి పౌన్లు ఇస్తానన్నారు. హేమార్కెట్ వీధిలో కింగ్స్ థియేటర్లో ఆటలు. పాటలు కట్టడానికి హాండెల్ అనే జర్మన్ ఆయన. మహానుభావుడే, కాని ముక్కుమీద కోపం. ఆయనకు పోటీగా బొనొంచీనీ అని ఒక ఇటాలియన్. వాళ్లిద్దరి పేర్లు చెప్పుకుని అప్పటికే ఊరు రెండు పక్షాలయి వుంది. ఏమీ లేకపోయినా పక్షాలు కట్టే ఊరికి ఇద్దరు గాయనులు దొరికితే ఇంక చెప్పాలా?

మొదట వచ్చినావిడ ఫ్రాంచెస్కా కుత్సోనీ. 1696లో పార్మా పట్నంలో పుట్టింది. 1723 జనవరిలో హాండెల్ కట్టిన 'ఒత్తోనే'లో లండన్‌లో మొదటిసారి పాడింది. దానికి ముందు రిహార్సల్లో ఒక ముచ్చట జరిగిందంటారు. తన మొదటి పాట మరీ సాదాగా వుందని, పాడనని ఆవిడ మొరాయించింది. హాండెల్ లేచి, ఆవిణ్ణి నడుం దగ్గర పట్టుకుని, నువ్వు ఆడదయ్యానివని నాకు తెలుసు, నేను దయ్యాలకు నాయకుణ్ణని నువ్వు తెలుసుకో అంటూ కిటికీలోంచి పారేయబోయాట్ట. ఆవిడ పాడింది. ఆ సాదా పాటే ఆవిడకు పేరు తెచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లందరూ హాండెల్‌ను మెచ్చుకుంటూ చెపుతారు. ఆయన కోపమేమో కళాభిమానం, ఈవిడ కోపమేమో పొగరు! నాకు మాత్రం పరాయి దేశంలో, మొదటి ఆటకు ముందు, మొదటి పాటే ఎలా వుంటుందోనని బెంగపడిన ఇరవై ఆరేళ్ల పిల్ల కనిపిస్తుంది.

కుత్సోనీ చూడ్డానికి పొట్టిగా, బొద్దుగా వుండేదని, మొహం చిటపటలాడుతూ వుండేదని, నటన అంతంత మాత్రమేనని అప్పటివాళ్లు రాశారు. కాని గొంతు విప్పిందంటే అన్నీ మరిచిపోవలసిందే. విషాద గీతం నెమ్మదిగా, ఒక్కొక్క స్వరం మీద నిలిచి పాడుతుంటే కళ్లు చెమర్చేవట. పై గాలరీలో కూర్చున్నవాడొకడు ఆనందం పట్టలేక, ఈవిడ కడుపులో పాటపిట్టలు గూడు కట్టుకున్నాయని తిట్టూ మెచ్చుకోలూ కలిపి గట్టిగా అరిచాట్ట. అరగినీ టిక్కెట్లు పైవాళ్ల చేతుల్లో పడి నాలుగు గినీల దాకా పలికాయి. ఇంటి పనిమనిషికి ఏడాది జీతం అయిదారు పౌన్లుండే రోజుల్లో ఈవిడకు ఒక్క సీజనుకు రెండు వేల పౌన్లని చెప్పుకునేవారు. హోగార్త్ అనే చిత్రకారుడు 1724లో ఒక వేళాకోళం బొమ్మ వేశాడు. అందులో ప్రభువులు మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ కాళ్ల దగ్గర డబ్బు కుమ్మరిస్తూ వుంటారు.

ఇక్కడ మనకు కావలసిన సంగతొకటి వుంది. 1725లో 'రోదెలీందా' ఆటలో ఆవిడ గోధుమరంగు సిల్కు గౌను మీద వెండి జరీ పని చేసింది కట్టుకుని రంగం మీదికి వచ్చింది. పెద్ద ముత్తయిదువలు ముక్కు మీద వేలేసుకున్నారు. ఇదేం రంగు, ఇదేం వేషం, మర్యాదస్తులు కట్టేదేనా అన్నారు. వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ మాత్రం ఊరుకోలేదు. ఆ ఏడాది ఎక్కడ చూసినా పడుచుపిల్లల మీద గోధుమరంగు సిల్కూ, వెండి జరీయేనట. సినిమా పేరు పెట్టి చీర అమ్మితే రెండు రోజుల్లో దుకాణం ఖాళీ అయిన సంగతి మనకు తెలియంది కాదు. ఆ గౌను సంగతి కాస్త గుర్తుంచుకోండి.

1726లో రెండో ఆవిడ దిగింది. ఫౌస్తీనా బోర్దోనీ. వెనిస్ పట్నం. కుత్సోనీ కన్నా ఒక ఏడాది చిన్న. అందగత్తె, నటన వచ్చు, మాట నేర్పు. గొంతులో మెరుపు. ఎంత వేగమైన బిర్కా అయినా ఒక్క స్వరం చెదరకుండా ముత్యాలు దొర్లించినట్టు పాడేది. ఒకావిడ నిదానం, ఒకావిడ వేగం. ఇద్దరి గుణాలూ ఒకే గాయనిలో కలిస్తే ఎంత బాగుండునని టోసీ అనే గానగురువు తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఆయన అడగలేదు చూశారా! లండన్ అడిగింది.

ఇద్దరినీ ఒకే ఆటలో పెట్టి పాటలు కట్టవలసిన కష్టం హాండెల్‌ది. ఆ మే నెలలో ఆడిన ఆటకు కథానాయకుడు అలెగ్జాండరు. ఆయన కోసం ఇద్దరు నాయికలు. రుక్మిణీ సత్యభామల మధ్య కృష్ణుడి అవస్థే! ఈవిడకెన్ని పాటలో ఆవిడకన్ని పాటలు. ఈవిడ రాజుగారితో ఒక యుగళగీతం పాడితే ఆవిడకూ ఒకటి. ఇద్దరూ కలిసి పాడేది ఒకటి. ఇదీ నిజమైన తులాభారం. తులసిదళం వేసి తూకం సరిచేయడానికి మాత్రం అక్కడ రుక్మిణీదేవి లేదు.

హాండెల్ తూచినకొద్దీ ఊరు విరిగింది. పెంబ్రోక్ దొరసాని కుత్సోనీ పక్షం. బర్లింగ్టన్ దొరసాని ఫౌస్తీనా పక్షం. ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్‌గారు ఫౌస్తీనాను మెచ్చుకుంటే, భర్త పలుకుబడి కింద కుత్సోనీ నలిగిపోతుందని ఆయన భార్య కుత్సోనీని చేరదీసిందట. ఆ ఇల్లాలు ఒకసారి ఇద్దరినీ తన ఇంట్లో విందుకు పిలిచింది. ఒకరుండగా ఒకరు పాడరు. వచ్చినవాళ్లు చూస్తే పెద్ద పెద్ద వాళ్లు. ఏం చేసిందనుకున్నారు? మా ఇంట్లో కొత్త పింగాణీ సామాను వచ్చింది, చూద్దురుగాని రండి అని ఫౌస్తీనాను ఇంటి చివరి గదికి తీసుకెళ్లింది. ఎదుటావిడ వెళ్లిపోయిందనుకుని కుత్సోనీ పాడేసింది. తరవాత ఆవిణ్ణి కూడా అలాగే పక్కకు తప్పిస్తే ఫౌస్తీనా పాడింది. దొరసాని కొడుకు హోరేస్ వాల్పోల్ పెద్దయ్యాక రాసిన సంగతి ఇది. అలిగిన తోడికోడళ్లిద్దరి చేతా ఒకే రోజు పిండివంట చేయించుకున్న అత్తగార్లు మనలోనూ వున్నారు. మెచ్చుకోవలసిందే.

సరే, జూన్ 6 రాత్రికి వద్దాం. ఆట బొనొంచీనీ కట్టిన 'అస్త్యనాత్తే'. ఇద్దరూ వున్నారు. మొదట ఒక పక్షం నోటితో బుసలు కొట్టింది. రెండో పక్షం చప్పట్లు కొట్టింది. తరవాత పిల్లికూతలు. తరవాత చెప్పరాని అల్లరి. యువరాణి కారొలైన్ కూర్చుని వుందన్న గౌరవం కూడా లేకుండా గొప్పింటివాళ్లు రెచ్చిపోయారని ఆ వారం పత్రికలో వెటకారంగా రాశారు. ఆట మధ్యలోనే ఆగిపోయింది. అయిదు రోజులకు, జూన్ 11న, హానోవర్ ప్రయాణంలో వున్న మొదటి జార్జి రాజుగారు దారిలో పోయారు. ఆ సీజను అంతటితో సరి.

చూశారా, బుసలు కొట్టింది ప్రేక్షకులు. కూతలు కూసింది ప్రేక్షకులు. మరి జుట్లు పట్టుకున్నది ఎక్కడ?

అది ఆ తరవాత వీధుల్లో అమ్మిన చిన్న చిన్న పుస్తకాల్లో వుంది. 'ఘోరమైన రక్తపాత యుద్ధం' అన్న ధోరణిలో పేరు పెట్టి ఒకడు అచ్చేశాడు. వీళ్లిద్దరినీ కుస్తీ గోదాలోకి దింపితే సరిపోతుందని అందులో సలహా. ఇంకొకడు చిన్న ప్రహసనం రాశాడు. అందులో ఇద్దరూ ఒకరి తల కట్టు ఒకరు పీకేస్తుంటే హాండెల్ పక్కన కూర్చుని, కానివ్వండి, వాళ్లే అలిసిపోతారంటూ నగారా వాయిస్తుంటాడు. నవ్వొస్తుంది, కాదనను. కాని అది ప్రహసనం. ప్రహసనంలో సంగతి పోను పోను చరిత్ర పుస్తకంలోకి ఎక్కింది. ఈ మధ్య పరిశోధకులు అప్పటి పత్రికలూ ఉత్తరాలూ తిరగేసి చూస్తే, ఆ రాత్రి ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకున్నారన్న నమ్మదగిన సాక్ష్యం ఏదీ కనిపించలేదు.

కనిపించింది వేరే. ఆ రాత్రి సంగతి గురించి పెంబ్రోక్ దొరసాని రాజకుటుంబానికి దగ్గరగా వుండే ఒకావిడకు ఉత్తరం రాసింది. ఈ మంగళవారం నిన్ను రంగం మీదనుంచి తరిమేస్తామని కుత్సోనీకి ముందే కబురందిందట. ఆవిడ హడలిపోయి, నేను పాడను, వెళ్లిపోతానంది. దొరసాని వెళ్లడానికి వీల్లేదని ఆజ్ఞాపించింది. వాళ్లేం చేసినా చెయ్యనీ, వినిపించకపోయినా సరే, నువ్వు పాడుతూనే వుండు అని చెప్పింది. ఆవిడ అలాగే నిలబడింది. ఒక పాటలో అయితే పిల్లికూతల మధ్య ఆవిడ పాడిన ఒక్క స్వరం కూడా ఎవరికీ వినపడలేదట. అది చూసి ఈ పక్షంవాళ్లకు కోపమొచ్చి, తరవాత ఫౌస్తీనాను నోరు తెరవనివ్వలేదు. రాసింది ఒక పక్షం పెద్దావిడే కనక తప్పంతా ఎదుటివాళ్ల మీదికి తోసి వుండవచ్చు. కాని గాయని సంగతి మాత్రం చూడండి. పోట్లాడలేదు, తిట్టలేదు. నోరు కదులుతోంది, పాట ఎవరికీ అందడం లేదు, అయినా తాళం తప్పకుండా నిలబడి పాడుతోంది. తరవాత ఫౌస్తీనాకూ అదే గతి.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. కొన్నేళ్ల కిందట మా వీధిలో నవరాత్రుల పేరంటంలో బాగా పాడే ఇద్దరు ఇల్లాళ్లు హార్మనీ పెట్టె కోసం పెనుగులాడారని ఒక కబురు పుట్టింది. ఆ రోజు నేను వెళ్లలేదు. అయినా రెండిళ్లలో కళ్లకు కట్టినట్టు చెప్పి వచ్చాను. తరవాత ఎప్పటికో వాళ్లలో ఒకావిడ తోడు కోసం మా ఇంటికి మజ్జిగ చుక్క అడగడానికొచ్చి, మాటల్లో అసలు సంగతి చెప్పింది. మంగళహారతి ఎవరు పాడాలని కూర్చున్నవాళ్లు వాదులాడుకున్నారట. వీళ్లిద్దరూ తలొంచుకుని కూర్చున్నారట. హార్మనీ పెట్టె అసలు ఆ రోజు తేనే లేదు! కాని అప్పటికే ఆలస్యమైంది. వాళ్లిద్దరూ ఒకరున్న పేరంటానికి ఒకరు రావడం మానేశారు. మజ్జిగ గిన్నె ఆవిడ చేతిలో పెడుతూ నా వంతు సంగతి నేను చెప్పలేకపోయాను. ఇవాళ రేడియోలో చెపుతున్నాను. వింటోందేమో.

మగవాళ్ల తగువులు లేవనుకోకండి. 1724లో అదే నాటకశాలలో సెనెసీనో అనే గాయకుడు అనస్టేషియా రాబిన్సన్ అనే గాయనిని అవమానించాడు. ఆవిణ్ణి రహస్యంగా పెళ్లాడిన పీటర్‌బరో ప్రభువు తెర వెనకకు వెళ్లి ఆయన్ను బెత్తంతో బాది, మోకాళ్ల మీద నిలబెట్టి, ఆవిడ అంతటి గుణవతి లేదని చెప్పించాడు. దాని మీద ఛలోక్తి విసిరిన ఇంకో ప్రభువును కత్తియుద్ధానికి పిలిచాడు. అంత పౌరుషమున్నాయన ఆవిడ తన భార్య అని లోకానికి చెప్పడానికి మాత్రం 1735 దాకా ఆగాడు. దీనికి పేరు పరువు కోసం పోరాటం. జరగని జుట్టుపట్లకేమో పేరు ఆడవాళ్ల బుద్ధి!

ఇంతకీ బద్ధశత్రువులనుకున్న వీళ్లిద్దరూ తరవాతి సీజనులో అదే రంగం మీద హాండెల్ కొత్త ఆటలు మూడింటిలో కలిసి పాడారు. లండన్ రాకముందు 1718లోనే వెనిస్‌లో ఒకే ఆటలో పాడినవాళ్లు కూడాను. అలాంటి సంగతులు ఎవరికి కావాలి? 1728 జనవరి 29న జాన్ గే అనే రచయిత 'బిచ్చగాడి ఆపెరా' పెట్టాడు. రాజులూ రాణులూ లేరు. ఒక దారిదోపిడి దొంగ, వాడి కోసం కొట్లాడుకునే ఇద్దరు ఆడపిల్లలు పాలీ, లూసీ. వాళ్లెవరో చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. ఆ సీజనులో 62 సార్లు ఆడింది. అందులో పాటలు అచ్చేసిన విసనకర్రలు ఆడవాళ్ల చేతుల్లో ఆడాయి. పాలీ వేషం వేసిన లవీనియా ఫెంటన్ బొమ్మలు దుకాణాల్లో అమ్మారు. ఆ సీజను చివర ఆ పిల్ల పెళ్లయిన బోల్టన్ డ్యూకుగారితో వెళ్లిపోయింది. ఊరికి ఇంకో ఏడాదికి సరిపడా కబుర్లు! డ్యూకు భార్య పోయాక 1751లో ఆయన లవీనియాను పెళ్లి చేసుకున్నాడు. ఇరవై మూడేళ్లు వెలివేసినట్టు చూసిన ఆవిణ్ణే ఆ రోజునుంచి 'డచెస్‌గారూ' అనవలసి వచ్చింది.

ఇటాలియన్ ఆపెరా కంపెనీ మాత్రం 1728లోనే మూతపడింది. ఆ చివరి రోజుల గురించి ఒక కథ చెపుతారు. ఫౌస్తీనాకన్నా తక్కువ జీతానికి పాడనని కుత్సోనీ చేత ఆవిడ పక్షంవాళ్లు ఒట్టు వేయించారట. అది తెలిసి కంపెనీవాళ్లు ఫౌస్తీనాకు ఒక్క గినీ ఎక్కువ చేశారట. ఒట్టు తప్పలేక కుత్సోనీ వెళ్లిపోయిందట. నిజమో కాదో గాని, ఒట్టు వేయించిన దొరసానులకు అందులో ఒక్క గినీ నష్టం లేదు.

ఫౌస్తీనా 1730లో హాస్సె అనే సంగీతకారుణ్ణి పెళ్లాడింది. డ్రెస్డెన్ ఆస్థానంలో ఇరవై ఏళ్లు వెలిగి, 1781లో తన వెనిస్‌లోనే పోయింది. వృద్ధాప్యంలో కూడా మనిషి చురుగ్గా వుందని, పాత సంగతులు బాగా చెప్పిందని ఆవిణ్ణి చూసినవాళ్లు రాశారు.

కుత్సోనీకి డబ్బు నిలవలేదు. 1741లో ఆవిడ భర్తకు విషం పెట్టిందని, తల తీయబోతున్నారని లండన్ పత్రికలో పడింది. శుద్ధ అబద్ధం. దాన్నీ జనం హాయిగా నమ్మారు. 1750లో ఆవిడ మళ్లీ లండన్ వచ్చింది. గొంతు సన్నబడింది. ముప్ఫై పౌన్ల అప్పుకు పట్టుకుంటే యువరాజు పూచీపడి విడిపించాడు. 1751 మే నెలలో, అప్పులు తీర్చడానికే చివరిసారి పాడుతున్నానని, దయచేసి రమ్మని పత్రికలో తనే ప్రకటన వేసుకుంది. ఇటలీకి తిరిగి వెళ్లి బొలోన్యా పట్నంలో పేదరికంలో పోయింది. ఆఖరు రోజుల్లో బొత్తాలు చేసి అమ్ముకుని బతికిందని చెపుతారు. గోధుమరంగు సిల్కు గౌను కట్టుకున్నావిడ.

మీ పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది. సెలవు.